అష్రఫ్ కట్టిన పురుగు

సుభాన్ కూతురు నూరీ చలికాలంలో జ్వరం వచ్చి చనిపోయింది. నాలుగేళ్ల పిల్ల. మట్టి ఇచ్చిన నాడు సుభాన్ కంట చుక్క నీరు రాలేదు. ఇచ్చినవాడే తీసుకున్నాడని, పలకరించడానికి వచ్చినవాళ్లకు తనే ధైర్యం చెప్పి పంపాడు. అతని విశ్వాసాన్ని ఊరంతా మెచ్చుకుంది.

భార్య జూనా మాత్రం మంచు కరిగిపోయినా ఏడుస్తూనే ఉంది. అలా ఏడవడం దేవుడి మీద ఫిర్యాదు చేయడమేనని సుభాన్ కోప్పడ్డాడు. అప్పటినుంచి అతను ఇంట్లో లేనప్పుడే ఏడ్చేది.

లిద్దర్ నది ఒడ్డున కమాలుద్దీన్ బాబా ఉండేవాడు. చేపలు పట్టుకు బతికే సూఫీ, సుభాన్‌కు గురువు. ఆయన మాటంటే జూనాకు గురి. అందుకని సుభాన్ వెళ్లి, ఆమెకు ఓర్పు గురించి నాలుగు మాటలు చెప్పమని అడిగాడు.

బాబా లేచాడు. గాలం కర్ర తీసుకుని నదికి దారితీశాడు. సుభాన్ వెంట నడిచాడు.

వసంతం ముగుస్తోంది. మధ్యాహ్నపు ఎండకు నీటి అడుగునుంచి సన్నటి పురుగులు పైకి తేలి, రెక్కలు విప్పుకుని గుంపులుగా లేస్తున్నాయి. వాటికోసం ట్రౌట్ చేపలు నీటిమీదికి మూతులు పెడుతున్నాయి. ఆ కొద్దిరోజులూ వాటికి ఇంకే ఎరా పట్టదు. అందుకే బాబా కొక్కేలకు ఈకలూ పట్టుదారమూ చుట్టి, అచ్చం ఆ పురుగుల్లాంటివే చేసి గాలానికి కట్టేవాడు.

ఆ రోజు ఆయన వేసినవాటిని చేపలు ముట్టనే లేదు. ఎగురుతున్నవి పసుపు పురుగులు, ఈయన చేసినవి బూడిదరంగువి. చివరికి టోపీ మడతలోంచి పసుపు ఈకల పురుగొకటి తీశాడు.

"ఇది అష్రఫ్ కట్టింది," అన్నాడు.

అష్రఫ్ బాబా ఒక్కగానొక్క కొడుకు. చాలా ఏళ్ల కిందట ఈ నదిలోనే కొట్టుకుపోయాడు. అతని చేతిపని ఇంకేదీ మిగల్లేదని సుభాన్‌కు తెలుసు. వద్దనబోయాడు. అప్పటికే అది నీటిమీద వాలింది.

పెద్ద చేప అందుకుంది. కర్ర వంగింది. దారం పుటుక్కున తెగింది. చేపతోపాటే పురుగూ లోతుకు పోయింది.

బాబా రాతిమీద కూర్చుని ఏడ్చాడు. ముఖం దాచుకోలేదు. సుభాన్‌కు ఎటు చూడాలో తెలియలేదు.

"మాకు ఓర్పు నేర్పింది మీరే కదా బాబా," అన్నాడు.

"ఓర్పు ఎక్కడికీ పోలేదు నాయనా," అన్నాడు బాబా. "నా కొడుకు పోయాడు."

సుభాన్ ఇల్లు చేరేసరికి జూనా పొయ్యి దగ్గర ఉంది. అతని అడుగుల చప్పుడుకు గబగబా కళ్లు తుడుచుకుంది. అతను వెళ్లి ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు.

"నూరీ ఎప్పుడూ కుడికాలి బూటు ఎడమకాలికి వేసుకునేది కదా," అన్నాడు.

కంట నీరు జారినా తుడుచుకోలేదు. జూనా చేతిలోని పుల్లలు కింద పెట్టి, అతని దగ్గరికి జరిగింది.