సింహాద్రి పరుగు పరీక్ష

మెట్టపాలెంలో మేకలు కాసే సింహాద్రికి తన తెలివంటే మహా గర్వం. "చెప్పింది చెప్పినట్టు చేసేవాడే బుద్ధిమంతుడు. మా ఇంట్లో అందరం అంతే," అనేవాడు. తమ్ముడు అప్పన్న, "ఔను, అందరం అంతే," అని తలూపేవాడు.

పరుగులో మాత్రం అన్నదమ్ములిద్దరూ చిరుతపులులే. ఆ సంగతి పట్నంలో ఉన్న డాక్టర్ సువార్తమ్మ చెవిన పడింది. పరుగెత్తేవాళ్ళ గుండె, నెత్తురు, ఊపిరి ఎలా పనిచేస్తాయో పరిశోధన చేస్తోందావిడ. పరీక్షల్లో నెగ్గినవాళ్ళని రాష్ట్రం పోటీలకి పంపిస్తుంది. "టీవీలో మన మొహాలు కనిపిస్తాయిరా!" అని సింహాద్రి పొంగిపోయాడు.

"రేపు పరగడుపున రండి, నెత్తురు తియ్యాలి," అని ఆవిడ ఫోన్ చేసింది.

"పరగడుపంటే ఏంటన్నా?"

"పరుల కడుపురా మొద్దూ! మన కడుపులు పనికిరావు."

ఇంకేముంది! ఇద్దరూ చద్దన్నం దండిగా లాగించారు. అక్క మొగుడు గవరయ్యకి మాత్రం మెతుకు పెట్టకుండా వెంట లాక్కెళ్ళి, "ఇదిగోనమ్మా, పరాయి ఇంటి కడుపు," అని డాక్టరమ్మ ముందు నిలబెట్టారు. పాపం, గవరయ్య అక్కడే సొమ్మసిల్లాడు.

ఆయనకి గ్లూకోజు పట్టించి, ఏమీ తినకుండా మర్నాడు మీరే రండని పంపించిందావిడ. మర్నాడు సూది చూడగానే సింహాద్రి నాలుగడుగులు వెనక్కేశాడు.

"గుండె చిక్కబట్టుకోవయ్యా," అంది డాక్టరమ్మ.

అంతే! రెండు చేతులతో ఛాతీ గట్టిగా పట్టేసుకున్నాడు.

"చెయ్యి ఇలా ఇవ్వు."

"ఎలా ఇస్తానమ్మా? వదిలితే గుండె జారిపోదూ?"

చివరికి అప్పన్న వచ్చి అన్న గుండె పట్టుకుంటేగానీ పని కాలేదు. మిషను పెట్టి చూస్తే ఇద్దరి గుండెలూ గుర్రాల గుండెల్లా ఉన్నాయి. డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది.

"ఇంక మైదానంలో పరుగొక్కటే మిగిలింది. ఈల మోగగానే కాళ్ళకి బుద్ధి చెప్పండి," అంది.

ఈల మోగింది. పరీక్షకొచ్చిన మిగతావాళ్ళు దూసుకుపోయారు. వీళ్ళిద్దరూ నేలమీద చతికిలబడ్డారు.

"కుడికాలా, పక్కవాణ్ణి తన్నకు. ఎడమకాలా, పెద్దవాళ్ళున్న వైపు చాపకు," అని సింహాద్రి మొదలుపెట్టాడు.

"అన్నా, నా ఎడమకాలు వినట్లేదు. తిమ్మిరెక్కింది."

"రెండు తగిలించరా!"

"బుద్ధులు చాలు, పరుగెత్తండి నాయనా!" అని డాక్టరమ్మ గొంతు చించుకుంది.

లేచారు. అప్పుడు చూడాలి సింహాద్రి పరుగు! ఒక్కొక్కణ్ణీ దాటేసుకుంటూ అందరికన్నా ముందుకొచ్చేశాడు. ముగింపు గీత కళ్ళెదుటే ఉంది. గడియారం చూసి డాక్టరమ్మ ఆనందం పట్టలేక గెంతింది.

"సింహాద్రీ! రికార్డు బద్దలుకొట్టెయ్!"

సింహాద్రి టక్కున ఆగాడు. గీత పక్కన నిలబడ్డ అసిస్టెంటుని, "రికార్డెక్కడుందండీ?" అని అడిగాడు.

"రికార్డులన్నీ ఆ కంప్యూటర్లో ఉంటాయి," అన్నాడతను పరధ్యానంగా.

అంతే! బల్లమీది కంప్యూటరు రెండు చేతులా ఎత్తి నేలకేసి కొట్టాడు. ముక్కలు చెల్లాచెదురయ్యాయి. ఈలోగా అందరూ గీత దాటేశారు, కుంటుకుంటూ వచ్చిన అప్పన్నతో సహా.

డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. సింహాద్రి చెమట తుడుచుకుని, రొమ్ము విరుచుకున్నాడు.

"ఒక్క దెబ్బకే పోయిందమ్మా! ఇంకెంత మొనగాడొచ్చినా దీన్ని మళ్ళీ బద్దలుకొట్టలేడు!"