దళవాయిగారి బయానా

సింగవరంలో బస ఇల్లు నడుపుకునే నాంచారమ్మకి జాతర మొదలైనప్పటి నుంచీ కుదురు లేదు. వీధిలోకీ ఇంట్లోకీ ఒకటే తిరుగుడు. జాతరకు కాపలా ఉండమని రాజుగారు పంపిన దళవాయి వీరపరాజు, తనకీ తన పదిమంది బంట్లకీ ఇల్లంతా కావాలని ముందే బయానా పంపాడు. ఆ మాట నమ్మి ఆమె యాత్రికులందరినీ తిప్పి పంపేసింది. ఆయన మాత్రం మూడు రోజులూ పొరుగూళ్లో అత్తారింట విందులు తిని, జాతర అయ్యాక దిగి బయానా తిరిగిమ్మన్నాడు. అది పోతే ఆమెకి ఏడాది గింజలు పోయినట్టే.

"కాలు పెట్టని ఇంటికి అద్దేమిటే?" అన్నాడు.

"నిజమే బాబూ, ఇస్తాను. రేపెవరైనా అడిగితే చూపించుకోవాలి కదా. జాతర మూడు రోజులూ తమరు ఈ ఊరే రాలేదని తాటాకు మీద రాసి, తమ ముద్ర వేసివ్వండి."

దళవాయి గంటం అందుకుని, రెండక్షరాలు గీసి ఆగిపోయాడు. ఆ ఆకు రాజుగారి కంటపడితే తన కొలువు ఊడినట్టే.

"రాకపోవడమేమిటి? మూడు రోజులూ ఇక్కడే ఉన్నాను," అన్నాడు ఆకు చింపేస్తూ.

"అలాగా బాబూ," అంది నాంచారమ్మ, మొదటిసారి అరుగు మీద కుదురుగా కూర్చుంటూ. "బయానా గదులకే సరిపోయింది. తమరి పదకొండుమంది భోజనాలూ బాకీ ఉన్నాయి మరి."