కంచరివీధి పనివేళలు

భ్రమరాంబగారిని ప్రశ్న అడిగినవారికి వెంటనే జవాబు దొరికేది కాదు. ఏదో ఒక పని దొరికేది. కోపం తగ్గే ఉపాయం అడిగినావిడ చేత పదిరోజులు చింతపండులో గింజలు తీయించారు. చావంటే భయం పోవడం లేదన్న ఒక పెద్దమనిషిని ఆసుపత్రికి పంపి, పురిటిగది బయట బెంచీ మీద ఒక పూటంతా కూర్చోమన్నారు. ఆవిడ పాతికేళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పి, రిటైరయ్యాక ఊరి చివర కొత్త కాలనీలో రెండు గదుల ఇల్లు కట్టుకుని, సాయంత్రం పూట వేదాంతపాఠం చెప్పేవారు. వచ్చే పదిహేను మందిమీ ఆవిడను అమ్మగారూ అనే పిలిచేవాళ్ళం.

మాలో అందరికంటే నిష్ఠగలవాడు విశ్వపతిగారు. జిల్లా కోర్టులో సూపరింటెండెంటుగా చేసి వచ్చినవాడు. భార్య పోయాక, మిగిలిన రోజులు ధ్యానంలో గడపాలని అదే కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి వీధి అరుగు మీద కూర్చుంటే మళ్ళీ ఏడింటికే లేచేవాడు. ఆయనకున్న బాధల్లా ఒక్కటే. కాలనీని ఆనుకుని కంచరివీధి ఉంది. నలభై గడపలు. తాతల నాటి నుంచీ అక్కడ ఇత్తడి బిందెలూ గుండిగలూ కొడుతున్నారు. జీడితోట నరికి మా కాలనీ వేసింది ఆరేళ్ళ కిందటే. అయినా ఆ సుత్తి దెబ్బలు మాకు తలనొప్పి అయ్యాయి గాని, మేము వాళ్ళకి ఏమయ్యామో ఎవరూ అడగలేదు.

ఒకనాడు మే నెలలో, పాఠానికి ముందే విశ్వపతిగారు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అమ్మగారూ, ఇరుగుపొరుగు ఇంత చప్పుడు చేస్తుంటే మనిషికి శాంతి ఎలా దొరుకుతుంది?”

“మీ ధ్యానం ఎలా సాగుతోంది?” అని అడిగారు ఆవిడ.

“పొద్దుటి ధ్యానానికి లోటు లేదండి. ఈ ఇంట్లో దిగిన కొత్తలో మూడు గంటల నుంచే దెబ్బలు వినిపించేవి. పదిహేను రోజులు పోయాక వినిపించడం మానేశాయి. సాధన కాస్త ముదిరింది కాబోలు, కూర్చున్నంతసేపూ బయటి చప్పుడు చెవికెక్కదు. లేచాకే నరకం. పుస్తకం చదవలేను, పగలు నడుం వాల్చలేను.” ఇలా అని సంచిలోంచి ఒక అర్జీ తీశాడు. కంచరివాళ్ళని అక్కడి నుంచి లేపి, ఎనిమిది కిలోమీటర్ల అవతల హైవే పక్కన స్థలమిచ్చి పంపించమని దాని సారాంశం. కింద అరవై రెండు సంతకాలున్నాయి. విషయం ముందే నోటిమాటగా విన్నవించాడట; సోమవారం ఆర్డీవో గారు స్వయంగా చూడడానికి వస్తున్నారని, అప్పుడు ఇది చేతికివ్వాలని చెప్పాడు. మొదటి సంతకం కోసం పైన ఖాళీ వదిలాడు. ఊళ్ళో అమ్మగారి మాటకి ఉన్న విలువ ఆయనకి తెలుసు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అర్జీ మొదటి నుంచి చివరి దాకా చదివారు. చదివి, ఒక వాక్యం దగ్గర వేలు పెట్టారు.

“వేళాపాళా లేకుండా చప్పుడు చేస్తున్నారని రాశారు. కోర్టులో పనిచేసిన మీకు నేను చెప్పాలా? ఎన్నింటికి మొదలుపెడతారు, ఎన్నింటికి ఆపుతారు, ఎప్పటి నుంచి ఇలా జరుగుతోంది, ఇవి లేని కాగితం నిలబడదు. వెళ్ళి వాళ్ళనే అడిగి రాసుకురండి. సంతకం సంగతి అప్పుడు చూద్దాం.”

విశ్వపతిగారు నొచ్చుకోలేదు. లోపం ఉన్నమాట నిజమే అనుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి గొడుగు వేసుకుని కంచరివీధికి బయలుదేరాడు. అక్కడ జరిగింది తరవాత ఆయనే మా అందరి ముందు, ఏదీ దాచుకోకుండా చెప్పాడు.

ఆరేళ్ళలో ఆ వీధిలో కాలు పెట్టడం ఆయనకి అదే మొదటిసారి. మొదటి రేకుల పాకలో ముగ్గురు మగవాళ్ళు ఒక పెద్ద గుండిగ చుట్టూ కూర్చుని వంతులవారీగా సుత్తులు వేస్తున్నారు. ఒక ముసలావిడ, నెత్తిన తడిగుడ్డ వేసుకుని, కొలిమితిత్తి లాగుతోంది. గుమ్మంలో నిలబడితేనే ఆయన ముఖం కమిలినట్టయింది. ఆయన్ని చూడగానే అందరిలోకీ పెద్దవాడు చెయ్యెత్తాడు. సుత్తులు ఆగిపోయాయి. ఆయన పేరు పైడయ్య. ఆ ముసలావిడ ఆయన భార్య అప్పయ్యమ్మ.

“బాబుగారికి నిద్ర సెడినట్టుంది,” అన్నాడు పైడయ్య లేచి నిలబడి. “తప్పయిపోనాది బాబూ. పెళ్ళోరి గుండిగ, రేపు పట్టికెళ్తారు. ఇదొక్కటీ అయిపోతే ఆపెస్తాం.”

“దానికోసం రాలేదు. ఒక్క వివరం కావాలి. మీరు పని ఎన్నింటికి మొదలుపెడతారు?”

“ఏడుకి బాబూ.”

విశ్వపతిగారు రాయబోయి ఆగాడు. “ఏడా? తెల్లవారుజామున మూడింటికి కదా?”

“అది పాతమాట. మా తాతలప్పుడూ, మా అయ్యప్పుడూ మూడుకే కొలిమి ముట్టించీవోళ్ళం. పొద్దు నడినెత్తికి రాకముందే, పదకొండుకల్లా సుత్తి దించీవోళ్ళం. నిప్పు కాడ పని గదా బాబూ, ఎండతో పోటీ పడలేం. మీ ఇళ్ళొచ్చినాక మానేసినాం.”

“ఎవరైనా మానెయ్యమన్నారా?”

“ఎవులూ అన్లేదు.” పైడయ్య చెప్పడానికి కొంచెం మొగమాటపడ్డాడు. “మీరు కొత్తగా ఇంట్లో దిగిన రోజులు. బొగ్గులు తేడానికి చీకట్నే మీ ఇంటి ముందు నుంచి ఎల్తన్నాను. మీరు అరుగు మీద కళ్ళు మూసుకుని కూకున్నారు. సెవుల్లో దూది. ఆ దూది సూస్తే నాకు సిగ్గేసింది బాబూ. దేవుణ్ణి తలుసుకుంటన్న మనిషి మా మూలంగా సెవులు మూసుకోవాలా? ఆ సాయంత్రమే ఈదంతా కూకుని అనుకున్నాం. ఏడుకి ముందు ఎవులూ సుత్తి ఎత్తకూడదని. ఆరేళ్ళయింది, ఒక్కడూ ఎత్తనేదు.”

విశ్వపతిగారు కలానికి మూత పెట్టాడు. ఆరేళ్ళుగా తన సాధన ముదిరిందనుకున్నాడు. చెవి దాకా వచ్చిన చప్పుడు మనస్సులోకి దిగడం లేదని లోపల్లోపల మురిసిపోయాడు. ఒకసారి మాకు ఆ విషయం మీద అరగంట చెప్పాడు కూడా. చెవికెక్కకపోవడానికి అక్కడ చప్పుడే లేదు. ఆయన కూర్చుంటాడని తెలిసి నలభై ఇళ్ళవాళ్ళు చేతులు ముడుచుకుని ఏడు ఎప్పుడవుతుందా అని కాచుకున్నారు. ఆ పోయిన గంటలు ఎండలో చెల్లించుకున్నారు.

అప్పయ్యమ్మ తిత్తి వదిలి, నెత్తిమీద గుడ్డ తీసి పిండుకుంటూ అంది. “సిగ్గు ఈయనది, ఎండ నాది బాబూ. పోనేడు రోహిణి కార్తెలో ఇక్కడే, ఈ కొలిమి కాడే పడిపోనాను. మూడ్రోజులు ఆస్పత్రిలో ఉంచినారు. ఏడుకి ముందు ఒక్క గంట ముట్టించుకుందాం అంటే ఇన్నాడా? ఇన్నేదు.” అని ఆవిడ నవ్వింది. ఆ నవ్వులో నిష్ఠూరం ఉంటే తట్టుకునేవాణ్ణి, లేదు, అన్నాడాయన మాతో.

ఆ తరవాత పైడయ్య చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. “మీరొచ్చినారు గనక అడుగుతున్నాను. మమ్మల్ని ఇక్కణ్ణుంచి లేపెయ్యమని ఎవులో అర్జీ పెట్టినారట. సోమవారం దొరగారు వస్తారంట. హైవే కాడికి ఎలిపోతే మాకు నీళ్ళు నేవు, బేరం నేదు, ఈ ముసలిదాన్ని అంత దూరం రోజూ ఎలా తిప్పేది? మాలో కాయితం రాసీవోడు లేడు. మీరు కోర్టులో పనిచేసినోరట. మాకో ముక్క రాసిపెడతారా?”

ఆ అర్జీ విశ్వపతిగారి సంచిలోనే ఉంది. ఏదో ఒక సాకు చెప్పి వచ్చేయవచ్చు. అయినా ఆయన, “ఆ అర్జీ రాసింది నేనే, పైడయ్యా,” అన్నాడు.

పడుచువాళ్ళిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. పైడయ్య తన అరచేతులు చూసుకుని తల ఎత్తాడు.

“అయితే మరీ మంచిది. అందులో ఏటేటి ఉన్నాదో మీకే బాగా తెలుసు. జవాబూ మీరే రాయగలరు. కూకోండి బాబూ.”

ఆ మాటలో ఎత్తిపొడుపు వెతికానండి, దొరకలేదు, అన్నాడు విశ్వపతిగారు. ఆయన అక్కడే, బొగ్గుమసి అంటిన పీట మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ళు ఎన్నో కాగితాలు రాసిన చెయ్యి రెండు వాక్యాలకే ఆగిపోయింది. అక్షరాలు అలుక్కుపోతున్నాయి. అప్పయ్యమ్మ ఒక గ్లాసుతో మజ్జిగ తెచ్చి పక్కన పెట్టింది. “ముందు ఇది తాగండి. కాయితం తడిసిపోతే మళ్ళీ రాయాల,” అంది.

సోమవారానికి మిగిలిన రెండు రోజులూ ఆయన కాలనీలో అరవై రెండు సంతకాల వెనకున్న ఇళ్ళన్నీ తిరిగాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. కొందరు తలదించుకుని పేరు కొట్టేశారు. కొందరు తలుపు తీయలేదు. “మీకు పుణ్యం కావాలి, మాకు నిద్ర కావాలి,” అన్నాడు ఒకాయన మొహం మీదే. దానికి విశ్వపతిగారు “ఆరేళ్ళుగా పోతున్న నిద్ర వాళ్ళదండీ,” అని మాత్రం చెప్పి తరవాతి ఇంటికి వెళ్ళాడు.

సోమవారం ఆర్డీవో గారు వచ్చి కంచరివీధి మొదట్లో కుర్చీ వేసుకున్నారు. మేమందరం వెళ్ళాం, అమ్మగారు తప్ప. అర్జీ పెట్టిన మనిషే అర్జీకి ఎదురు మాట్లాడడం ఆర్డీవో గారు తన సర్వీసులో చూడలేదట. విశ్వపతిగారు వాళ్ళ కాగితం చదివి వినిపించి, ఆఖరున తన మాటగా, “వీళ్ళ పాత పనివేళలు వీళ్ళకి తిరిగి ఇప్పించండి. తెల్లవారుజాము మూడింటికి మొదలుపెట్టుకోనివ్వండి,” అన్నాడు. వెంటనే పైడయ్య అడ్డం వచ్చాడు.

“మూడొద్దు దొరా. అక్కడ చదువుకునే పిల్లలున్నారు, చంటిపిల్లల తల్లులున్నారు. అయిదు చాలు మాకు.”

“మూడు మీ హక్కు, పైడయ్యా.”

“హక్కు సంగతి మీకెరిక బాబూ. నాకు పిల్లల నిద్ర ఎరిక. అయిదు.”

ఎవరి పక్షాన ఎవరు వాదిస్తున్నారో కాసేపు ఆ అధికారికి అంతు పట్టలేదు. అర్థమయ్యాక నవ్వి, ఫైలు మూసి, “వీళ్ళని లేపే ప్రశ్న ఇక లేదు. మీరిద్దరూ ఒకే వేళకి ఒప్పుకుని నాకు కబురు చెయ్యండి,” అని లేచారు. చివరికి అయిదు నుంచి పదకొండు అని కుదిరింది. కాలనీలో సణిగినవాళ్ళు సణిగారు గాని, ఎదురు నిలబడి కాదన్నవాళ్ళు లేరు. మర్నాడు అయిదింటికి మొదటి సుత్తి పడింది. దాని వెనక నలభై ఇళ్ళవీ లేచాయి. పదకొండింటికి అన్నీ ఒక్కసారే ఆగాయి.

నెల గడిచింది. ఒక సాయంత్రం పాఠమయ్యాక విశ్వపతిగారు వెనక ఉండిపోయాడు. ఆయన అడగబోయేదేదో ఉందని తెలిసి మేమూ కొందరం కదల్లేదు.

“అమ్మగారూ, నా ధ్యానం పోయింది,” అన్నాడు. “ఆరేళ్ళుగా కుదిరిందనుకున్నది వాళ్ళ చలవ. ఇప్పుడు నిజంగా చప్పుడొచ్చాక అరగంట కూడా మనస్సు నిలవడం లేదు. ప్రతి దెబ్బా వినిపిస్తోంది. వినిపిస్తే విసుగు రావడం లేదు, అదొక్కటే వింత. ఇంకోచోట కూర్చోవాలా? చెవుల్లో ఏదైనా పెట్టుకోవాలా? నాకు దారి చెప్పండి.”

ఆవిడ ఆ ప్రశ్న పక్కన పెట్టి, “అప్పయ్యమ్మకి ఒంట్లో ఎలా ఉంది?” అని అడిగారు.

ఆయన ముఖం విప్పారింది. “బాగుందండి. మధ్యాహ్నం పడుకుంటోంది. నిన్న రెండింటికి నాలుగు మామిడిపళ్ళు ఇద్దామని వెళ్ళాను. వీధి వీధంతా నిద్రలో ఉంది. వేపచెట్ల కింద నులకమంచాలు వేసుకుని, చిన్నా పెద్దా అందరూ పడుకున్నారు. ఆవిడ చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడుతోంది. ఆ చేతిని అలా ఖాళీగా చూడడం అదే మొదలు. చెప్పులు చప్పుడవుతాయేమోనని తీసి చేతిలో పట్టుకున్నాను. నేల కాలిపోతోంది. అయినా పరుగెత్తలేదండి. ఒక్కొక్క అడుగూ చూసుకుని వేస్తూ, ఊపిరి కూడా మెల్లగా తీస్తూ వీధి చివరి దాకా నడిచి వెళ్ళి, పళ్ళు ఆవిడ గడప మీద పెట్టి, అలాగే తిరిగి వచ్చేశాను. ఒక్కరూ కదల్లేదు.”

చెబుతూ చెబుతూ ఆయన గొంతు తగ్గిపోయింది, ఆ పడుకున్నవాళ్ళు ఈ గదిలోనే ఉన్నట్టు.

భ్రమరాంబగారు ఆయనకేసి చూశారు. ఆ చూపులో ఉన్న ఆప్యాయత మేము అంతకు ముందు చూసి ఎరగం.

“రేపు పొద్దున్న అరుగు మీద కూడా,” అన్నారు, “ఆ వీధిలో నడిచినట్టే కూర్చోండి.”