గోడ వెంట నిలువులోతు కాలవ

అనగనగా ఒక ఊళ్ళో, గోడలే నీళ్ళు తాగే ఇల్లొకటి ఉండేదర్రా. తాతల నాటి మట్టిగోడలు, కింద నడుంలోతు రాతి పునాది, పైన తాటిదూలాలు. వాన పడితే చాలు, చూరునీళ్ళన్నీ వెనకగోడ మొదట్లో చేరి అక్కడే మకాం పెట్టేవి. ఆ గోడకి ఆనుకునే రత్తమ్మ మంచం. పాపం, కాళ్ళు పడిపోయిన మనిషి. గోడ చెమ్మకి ఆవిడ దుప్పటి కూడా తడిసిపోయేది.

ఆవిడ మొగుడు భూషయ్య. ఆ పేరు తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఊ కొడుతున్నారా? కొట్టండి, లేకపోతే ఆ మంట మీ మీద చూపిస్తాను.

ఆ భూషయ్య ఏం చేశాడూ? కొడుకు పొరుగూరు వెళ్ళిన రోజు చూసి, అప్పలకొండ అనే మట్టిపనివాణ్ణి పిలిచి, గోడ వెంట నిలువులోతు కాలవ తవ్వెయ్యి, నీళ్ళన్నీ అందులో పడి చస్తాయి అన్నాడు. గోడ వెంట అంటే గోడని రాసుకుంటూ అనుకున్నాడు అప్పలకొండ. పొద్దున్నే మొదలెట్టి ఈ మూల నుంచి ఆ మూలకి ఒకటే తవ్వుడు!

కోడలు మంగతాయి నీళ్ళబిందెతో వచ్చి చూసింది. పునాదిరాళ్ళు పళ్ళు బయటపెట్టి ఇకిలిస్తున్నాయి. నూతులు తవ్వేవాళ్ళ ఇంట పుట్టిన పిల్ల, మట్టి సంగతి తెలుసు. ఇక గోడ నిలవదని చూడగానే తెలిసిపోయింది. మరి చెప్పాలిగా? చెప్పకూడదుట! మామగారి ఎదట కోడలు నోరు విప్పకూడదని ఆ ఇంటి ఆచారం. ఎవడు పెట్టాడో, వాడి నోట్లో మన్ను పొయ్య.

అందుకని మంగతాయి పెరట్లో రోలు వైపు తిరిగి అరిచింది. "ఓసి రోలూ, విన్నావుటే! పక్క మట్టి తీసేస్తే పునాది దేన్ని పట్టుకు నిలబడుతుందే? మట్టి జారితే రాయి జారుతుంది, రాయి జారితే గోడ జారుతుంది, గోడ జారితే దూలం జారుతుంది, దూలం జారితే మా అత్తమ్మ మీదే పడుతుంది!"

భూషయ్య గేదెని కట్టే గుంజ వైపు తిరిగాడు. "ఒరే గుంజా, నా ఇంటి సంగతి నాకు రోలు చెప్పాలిట్రా?"

ఈవిడ రోలుకి చెప్పడం, ఆయన గుంజకి చెప్పడం. పిచ్చివాళ్ళ సంత! కాలవలోంచి అప్పలకొండ తలెత్తాడు.

"బాబూ, నేను రోలు మాట వినాలా, గుంజ మాట వినాలా?"

"గుంజ మాటేరా!" అన్నాడు భూషయ్య.

మళ్ళీ పార పడింది. పడీ పడగానే గోడలోంచి బొరబొరా మట్టి రాలింది. లోపల్నుంచి రత్తమ్మ కేక, "మంగా! గోడ పగిలిందే!"

ఇక ఆచారమూ లేదు, గీచారమూ లేదు. మంగతాయి బిందె విసిరేసి, అప్పలకొండని కేకేసి, మంచంతో సహా అత్తగారిని వాకిట్లోకి మోసుకొచ్చింది. మామగారి ఎదటికొచ్చి, మొహంలో మొహం పెట్టి అడిగింది. "మామగారూ, మీ పంతానికి అత్తమ్మ ప్రాణం పొయ్యాలాండీ?"

భూషయ్య లోపలికెళ్ళి చూశాడు. మంచం తలాపి ఉన్నచోట గోడకి వేలు దూరేంత బీట. అరుగు మీద కూలబడి, నువ్వే చెప్పమ్మా ఏం చెయ్యాలో, అన్నాడు.

ఆ పిల్ల చెప్పింది. గోడకి దుంగలు ఆనించారు. తవ్విన మట్టి బెత్తెడు పోసి, తడిపి, దిమ్మిసాతో గట్టిపడేలా కొట్టి, మళ్ళీ బెత్తెడు పోసి పూడ్చారు. గోడ మొదట్లో నేల మెరక చేసి బయటికి వాలు పెట్టారు. అప్పుడు గోడకి రెండు బారల అవతల, పునాది అడుగుకంటే పైనే ఆగేలా మోకాటిలోతు కాలవ. అదీ ఒక్కసారిగా కాదు, కాస్త తవ్వడం, కంకర, పెంకుముక్కలు నింపడం, మళ్ళీ కాస్త తవ్వడం. గోడ బీటని మట్టితో మెత్తారు.

తొలకరి పడింది. నీళ్ళు గోడ మొహం చూడకుండా కాలవలో పడి చేలోకి పోయాయి. అన్నాళ్ళూ అరుగు మీదే ఉన్న రత్తమ్మని లోపలికి తీసుకెళ్దామంది కోడలు. భూషయ్య వద్దన్నాడు. ఆ గోడ పక్కన చాప పరుచుకుని నాలుగు వానలు తనే పడుకున్నాడు, పడితే తన మీదే పడనీ అని. ఐదో వానకి పొడి దుప్పటి పరిచి, పెళ్ళాన్ని తనే ఎత్తుకొచ్చి పడుకోబెట్టాడు. అందుకని నా కోపం కాస్త దిగింది. కాస్తే!

వింటున్నారా? చెప్పాల్సిన మాట ఎవరికి చెప్పాలో వాళ్ళ మొహానే చెప్పండి. కథ కంచి దారి పట్టింది, మీరు పక్కల దారి పట్టండి.