బుల్లెన్న మొదటి గూడు

దగ్గరికి జరిగి కూర్చోండి పిల్లలూ. వెనకవాళ్ళు కూడా రండి, చాపమీద ఇంకా చోటుంది.

పద్యం అప్పజెప్పమనగానే నోరెండిపోయి, వచ్చింది కూడా మరిచిపోతారే, దాన్నే మనం గాభరా అంటాం. అది పక్షులకూ ఉంటుంది.

వాగులో ఎండాకాలం కూడా నీళ్ళు నిలిచిన రోజులవి. తుమ్మలకోన అడవిలో కుందేళ్ళు, ఉడుతలు, నెమళ్ళు ఉండేవి. వాగుమీదికి వంగిన తుమ్మచెట్టు మాత్రం గిజిగాళ్ళది. తొలకరి పడగానే మగపక్షులు గూళ్ళు అల్లేవి. ఆడపక్షి వచ్చి గూటిని ముక్కుతో లాగి చూసేది. నచ్చితే కాపురం. లేకపోతే ఆ ఏడంతా ఒంటరి బతుకే.

బుల్లెన్నకు అది మొదటి గూడు. గడ్డిపోచను ముడివేసి, విప్పి, మళ్ళీ ముడివేశాడు.

"తాతా, గాభరాగా ఉంది. గూడు చూడ్డానికొచ్చే ఆడపక్షి సింగారి లాగగానే ఊడిపోతే?"

"ఎక్కడ ఊడుతుందనిపిస్తోందిరా?" అన్నాడు ముసలి గిజిగాడు జోగయ్య.

"ఆ పైముడి దగ్గర."

"అయితే అక్కడ ఇంకో చుట్టు వెయ్యి. గాభరా అంటే ఇంకోసారి చూసుకోమని మనసు చెప్పడం. చూసుకున్నాక కూడా వణికితే అది వట్టి భయం, పట్టించుకోకు."

బుల్లెన్న ఇంకో చుట్టు వేశాడు. గాలికి ఊగకుండా గూటిలోపల తడిమట్టి మెత్తాడు.

పక్కకొమ్మమీది సోకులయ్య పకపకా నవ్వాడు. "ఒరేయ్ గాభరాగాడా! నా గూడు రెండు రోజుల్లో అయిపోయింది. మట్టీ గిట్టీ ఏమీ లేదు!"

సింగారి ముందు ఆ గూట్లోకే తొంగిచూసింది. "మట్టేదయ్యా? గాలొస్తే నా గుడ్లు ఏ వాగులో వెతుక్కోను?" అంటూ ఒక్కసారి లాగింది. గూడు ఊడి వాగులో పడి కొట్టుకుపోయింది. సోకులయ్య దాని వెనకే ఎగిరాడు.

తరువాత బుల్లెన్న గూడు లాగింది. మళ్ళీ లాగింది. బుల్లెన్న కళ్ళు మూసుకున్నాడు.

"అక్కడేం నిలబడ్డావు? మెత్తటి గడ్డి తీసుకురా," అంది సింగారి గూటిలోపలినుంచి.

ఏళ్ళు గడిచాయి. జోగయ్య లేడు, వాగూ సన్నబడింది. బుల్లెన్న ఇప్పుడు కళ్ళు మూసుకుని ముడులు వేస్తాడు. కుర్రపక్షి ఎవరైనా "గాభరాగా ఉంది తాతా" అంటే వాడి గూటిని ఓసారి లాగి చూస్తాడు. ఆ తరువాత "అదృష్టవంతుడివిరా. ఇంకోసారి చూసుకోమనే ఆ గాభరా నాకు రమ్మన్నా రావడంలేదు," అంటాడు.

ఇక లేవండి. అన్నాలు చల్లారిపోతున్నాయి, ఇళ్ళకు వెళ్ళి తినండి. తింటూ ఈ మాట తలుచుకోండి.

నీతి: గాభరా పడటం తప్పు కాదు. అది చూపించిన లోపాన్ని సరిచేసుకున్నవాడు నిలుస్తాడు, నవ్వి వదిలేసినవాడు నష్టపోతాడు.