తిరగలి రొద

కొత్తగా ఉద్యోగంలో చేరిన హిమజ మొదటిసారి పాట కోసం ఊరెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చింది.

పాత పాటల్నీ, కథల్నీ, కళల్నీ కాపాడే చిన్న సంస్థ అది, కడపలో ఉంది. ఎవరి నోట ఏది మిగిలి ఉంటే అది పోకముందే పట్టుకొచ్చి దాచడం వాళ్ల పని. దాన్ని నడిపే ఖాజా సారుది అదో వింత పద్ధతి. కొత్తవాళ్లకి ఏమీ నేర్పరు. "ముందు వెళ్లి రండి" అంటారు, అంతే. జానపదం మీద పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్న హిమజకి ఇది మహా చిరాకు. ఈత రానివాణ్ణి బావిలోకి తోసి గట్టు మీద కూర్చోవడం కాదూ ఇది!

"ఓబుళమ్మకి పాట గుర్తులేదు సార్" అంది మర్నాడు పొద్దున్నే. "కోడలు పుట్టింటికి బయల్దేరి వాకిట్లోకి వచ్చేదాకా పాడింది. అక్కడ ఆగిపోయింది. ఎన్నిసార్లు మొదలుపెట్టినా అక్కడే ఆగిపోయింది."

"మీరెళ్లేసరికి ఆమె ఏం చేస్తోంది?"

"రాగులు విసురుతోంది. తిరగలి రొద రికార్డింగులో పడుతుందని ఆపించాను. లోపలి గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఫ్యాన్ కూడా కట్టేశాను సార్." ఈ ముక్క చెప్పేటప్పుడు మాత్రం గొంతులో కాస్త గర్వం పలికింది.

"తర్వాత?"

హిమజ తల దించుకుంది. తర్వాత జరిగిందే ఆమెకి రాత్రి కంటి మీద కునుకు లేకుండా చేసింది. "మా యమ్మ పాట పాపా. యాడికి పోయిందో. గొంతు దాకా వచ్చి నిలబడిపోతాంది" అంటూ ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏం చెయ్యాలో తోచక హిమజ "పోనీలే అవ్వా, మర్చిపోయినట్టున్నావు" అని భుజం తట్టి వచ్చేసింది. పాట తెద్దామని వెళ్లి, పాట లేదని ఆవిడకి చెప్పి వచ్చినట్టయింది పని.

"ఇంకెవరికైనా వచ్చా ఆ పాట?"

"ఎవరికీ రాదు సార్. ఆమె ఒక్కతే."

ఖాజా సారు టీ తెప్పించారు. గ్లాసు హిమజ కుడిచేతికిచ్చి, బిస్కెట్ల పళ్లెం ఎడమచేతిలో పెట్టారు. తిట్లు తప్పవనుకున్న హిమజకి ఈ మర్యాద ఎందుకో అంతుపట్టలేదు.

"మీ ఫోను తెరవడానికి తెర మీద ఏదో గీత గీస్తారు కదమ్మా. అది ఎటునుంచి ఎటు పోతుందో నోటితో చెప్పండి. మీ ఫోను ఎత్తుకుపోనులెండి."

హిమజకి నవ్వొచ్చింది. "అదెంతసేపు సార్! పైన ఎడమపక్క నుంచి కిందికి... కాదు, మధ్యలోకి. అక్కణ్ణుంచి కుడికి... ఊహూఁ, ఉండండి."

రోజుకి వందసార్లు గీసే గీత. కళ్లు మూసుకుంది. తెర కనిపించింది గానీ దారి కనిపించలేదు. గ్లాసు మీద బొటనవేలు దానంతటదే కదలబోయింది. టీ తొణికి చున్నీ మీద పడింది.

"పోనీలేమ్మా" అన్నారు ఖాజా సారు, ఎంతో జాలిగా. "మర్చిపోయినట్టున్నారు."

హిమజ గ్లాసూ పళ్లెమూ బల్ల మీద పెట్టేసింది. ఫోను తీసింది. బొటనవేలు చకచకా తిరిగి తాళం తీసేసింది. ఆ వేలికేసి కాసేపు చూస్తూ కూర్చుంది.

"మధ్యాహ్నం బస్సుంది సార్" అంది చివరికి.

"వెళ్లి రండి."

హిమజని చూడగానే ఓబుళమ్మ మొహం తిప్పుకుంది. "మళ్లా ఎందుకొచ్చినావు పాపా? గుర్తు లేదని చెప్పినా గదా."

"పాటకి కాదవ్వా. నిన్న నీ రాగులు సగంలో ఆపించాను కదా, విసరడానికొచ్చా."

"నువ్వా!" ముసలమ్మకి నవ్వాగలేదు. "ఇసుర్రాయి ఎప్పుడన్నా పట్టినావా? రా, ఎదురుగ్గా కూచో. అట్ల గుంజగాకు! నేను తిప్పే పక్కకే నువ్వూ రా."

ఇద్దరూ ఒకే పిడి పట్టుకున్నారు. రాయి తిరిగింది. హిమజ పాట ఊసెత్తలేదు. పిండి అంచుల్లోంచి రాలుతుంటే ఓబుళమ్మ గొంతులో ఏదో కూనిరాగం మొదలైంది. కాసేపటికి అందులోకి మాటలొచ్చాయి. నిన్న కోడలు నిలబడిపోయిన వాకిలి వచ్చింది. హిమజ రికార్డరు సంచిలో ఉంది, సంచి పక్కనే ఉంది. చెయ్యి వదిలితే రాయి నెమ్మదిస్తుంది.

వదల్లేదు.

రాయి ఆగలేదు, కోడలూ ఆగలేదు. వాకిలి దాటింది, వాగు దాటింది, పుట్టింటి గడపెక్కి తల్లిని కావిలించుకుంది.

"ఉండాది పాపా!" ఓబుళమ్మ పిండి చేతులతోనే హిమజ చెంపలు పట్టుకుంది. "మా యమ్మ పాట యాడికీ పోలేదు!" ఇద్దరూ ఏడ్చారు, ఇద్దరూ నవ్వారు.

మర్నాడు ఖాజా సారు అడిగారు. "పాట ఉందా?"

"మొత్తం ఉంది సార్."

"రికార్డయిందా?"

"లేదు సార్. చేతులు ఖాళీ లేవు."

ఖాజా సారు ఆమె అరచేతులకేసి చూశారు. ఎర్రగా కంది, వేళ్ల మొదట్లో బొబ్బలెక్కి ఉన్నాయి.

"అయితే ఈసారి రికార్డరు నేను పట్టుకుంటా" అన్నారు.