నేల ఎవరిది, గరిటె ఎవరిది

ఏడు దేశాల పండితులు రేణువుల్ని ఒకదానితో ఒకటి ఢీకొట్టించి వాటి కడుపులో ఏముందో చూద్దామని వీరగిరి రాజ్యంలో నేల కింద గుండ్రంగా సొరంగం తవ్వారు. పని పూర్తయిన రోజు విందు పెట్టుకుంటే రాజుగారు ఊడిపడ్డారు.

“నేల నాది! ఇవాళ మొదటి విస్తరి నాది, రేపు ఆ రేణువుల్లోకి మొదటి చూపూ నాదే!” అంటూ పీట లాక్కుని కూర్చున్నారు.

వంటమనిషి సూరమ్మకి ఒళ్లు మండింది.

“అయితే ఇంటివారు తమరేనా మహారాజా?”

“నేను కాక ఇంకెవరు?”

“బతికించారు! వచ్చినవాళ్లు తినందే ఇంటాయన కూర్చోకూడదుగా” అంటూ పప్పుగరిటె చేతిలో పెట్టింది.

అందరూ చూస్తున్నారు. రాజుగారు లేచి, జారే కిరీటం ఎగదోసుకుంటూ వడ్డించారు.

చివరి పండితుడు త్రేన్చాక రాజుగారు భయంభయంగా అడిగారు: “రేపు చూడ్డానికీ ఇదే వరసా?”

“అంతే కదా బాబూ. ఇంటివారు ఆఖరు.”

రాజుగారు గరిటె విసిరికొట్టారు. “అయితే ఈ నేల పక్కరాజుదే పో!”